శాకాహారికి మాంసకృత్తు ఎచ్చటనుండి?
(సికింద్రాబాదునందు రైతుల సమావేశమున చేయబడిన ఉపన్యాసము)



విత్తనమును గూర్చియో ఎరువును గూర్చియో చెప్పుదునని తలంచి మీరు వచ్చియుందురు. నేడు నేను మాటలాడబోవునది మీ భోజనపు పళ్లెమును గూర్చి. ఐనను చేనును విడిచి దూరము పోవను. ఏలయనగా, ఈ విషయమున పళ్లెమునకును చేనికిని నడుమ ఉన్న దారి మిగుల చిన్నది.

మొదట పేరును గూర్చి ఒక మాట. ఇంగ్లీషువారు ప్రోటీను అనెడి పదార్థమునకు మనవారు మాంసకృత్తు అని పేరిడిరి. శరీరమున మాంసమును, అనగా కండను, కల్పించునది అని దాని భావము. పేరులో మాంసమున్నది గనుక మాంసమునందే ఇది లభించునని పలువురు భ్రమపడుచున్నారు. శాకాహారులకు బలముండదను మాటకు ఈ పేరు కొంత కారణమేమో యని నాకు తోచును. మన ప్రాంతమున శుద్ధ శాకాహారులు మిగుల తక్కువ. ఆ మాట నిజమే. కాని మాంసము తినువారి ఇండ్లలో సహితము అది ఆదివారమో పండుగయో వచ్చినప్పుడే గాని నిత్యము కాదు. తక్కిన దినములలో వారును శాకాహారులే. కావున ఈ ప్రసంగము అందఱికిని చెందును.

మాంసకృత్తునకు ఆధారము నత్రజని. ఎండిన మాంసకృత్తు నూరు పాళ్లలో సుమారు 16 పాళ్లు నత్రజనియే. మీరు యూరియా రూపమున సంచులకొలది కొని చేనికి వేయునదియు ఈ నత్రజనియే. గాలిలో అది అపారముగ నున్నను వరిగాని జొన్నగాని దానిని నేరుగా తీసికొనజాలవు. కంది, పెసర, మినుము, శనగ, ఉలవ, బొబ్బర, అనుము, వేరుశనగ మొదలగు జాతులు మాత్రము తమ వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవుల సహాయమున గాలిలోని నత్రజనిని పట్టి గింజలో నిలువచేయును. అందువలననే బియ్యమున నూటికి 8 పాళ్లు మాంసకృత్తుండగా కందిపప్పునందు 21 మొదలు 22 పాళ్లు, పెసరపప్పునందు సుమారు 24, మినపపప్పునందు 23, ఉలవలందు 21 కి పైగా, వేరుశనగ గింజలందు సుమారు 24 పాళ్లు ఉన్నది. జొన్నలలో 10, సజ్జలలో 11, రాగులలో 7. సోయాచిక్కుడు అన్నిటిని మించి 36 పాళ్లవరకు పోవును. కాని దానిని చక్కగా ఉడికించనిదే అరుగదు, మన ఇండ్లలో దానికింకను రుచి కుదురలేదు.

ఈ లెక్కలు ఊహించి చెప్పునవి కావు. సికింద్రాబాదునకు ఆనుకొనియున్న తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. మీలో ననేకులు దాని గోడ ప్రక్కగా పోయియుందురు. 1918వ సంవత్సరమున నీలగిరి కొండలమీది కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక చిన్న గదిలో ప్రారంభించిన పని క్రమముగ పెరిగి, 1958లో ఇచ్చటికి మార్చబడినది. 1969లో ఇప్పటి పేరు వచ్చినది. కూనూరులో నుండగా 1937లో ఆక్రాయిడ్ అను డాక్టరు మన దేశపు ఆహారపదార్థముల విలువలను పట్టికలుగా ప్రకటించెను. ఆ పని కొనసాగి, 2017లో తార్నాకనుండి సరిక్రొత్త పట్టికలు వెలువడినవి. నేను చెప్పిన అంకెలు ఈ పట్టికలకు అనుగుణమైనవి.

ఇక మనిషికి ఎంత కావలెను? 2020లో ఆ సంస్థ నిర్ణయించిన ప్రకారము పెద్దవారికి శరీరపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాములు. 65 కిలోల పురుషునకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు. అయితే ఇది మేలైన మాంసకృత్తు లెక్క. ధాన్యముమీదనే ఎక్కువగ ఆధారపడువారు కిలోకు 1 గ్రాము చొప్పున లెక్కించుకొనుట క్షేమము. గర్భిణికి నాలుగవ నెలనుండి ఆఱవ నెలవరకు దినమునకు 9.5 గ్రాములు, చివరి మూడు నెలలు 22 గ్రాములు అదనముగ కావలెను. బిడ్డకు పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలు 17 గ్రాములు అదనము.

ఇప్పుడు ఒక ఇంటి పళ్లెములను చూతము. ఈ ఇల్లు మీకందఱకు తెలిసినదే, పేరు చెప్పనక్కరలేదు. యజమాని దినమునకు అరకిలో బియ్యపు అన్నము తినును. దానివలన 40 గ్రాముల మాంసకృత్తు వచ్చును. చారులో ఆయన వంతుకు వచ్చు పప్పు 20 గ్రాములు; అందు 4 గ్రాములు. పలుచని మజ్జిగలో 2, కూరలో 3. మొత్తము 49. ఆయనకు కావలసినది 54. ధాన్యమే ఎక్కువ గనుక నిజమునకు 65. కొఱత కలదు గాని పైకి కనబడదు. ఇక ఆయన కోడలిని చూడుడు. అందఱు లేచిన పిమ్మట కూర్చుండును. అన్నము 350 గ్రాముల బియ్యమునకు సరియైనది మిగిలియుండును. అందు 28 గ్రాములు. చారులో పప్పు అడుగంటినది. అందు 2 గ్రాములు. మజ్జిగ ఒక గ్రాము. పచ్చడిలో లెక్కకు వచ్చునది లేదు. మొత్తము 31. ఆమెకు కావలసినది 46. ఆమె ఎనిమిదవ నెల గర్భిణియైనచో కావలసినది 68, అనగా సగమునకును తక్కువ లభించుచున్నది. ఆ ఇంటిలో కాన్పునాటికి రెండు కిలోలైన తూగని బిడ్డ పుట్టినచో గ్రహచారమనుకొందురు. తక్కువ బరువునకు కారణములు పెక్కులుండవచ్చును. ఈ పళ్లెము వానిలో ఒకటి.

అదే ఇంటిలో మాంసముగాని గ్రుడ్డుగాని లేకయే పళ్లెమును మార్చవచ్చును. యజమానికి బియ్యము 300 గ్రాములు, జొన్నరొట్టెకు పిండి 100, పప్పు 80, పల్లీలు 30, గేదెపాలో పెరుగో 300, ఆకుకూరలును కూరగాయలును 300 గ్రాములు. వరుసగా 24, 10, 17, 7, 11, 4. మొత్తము 73 గ్రాములు. కోడలికి బియ్యము 200, జొన్నపిండి 80, పప్పు 70, పల్లీలు 25, పెరుగు 250, కూరలు 300 అయినచో 58 గ్రాములు. చివరి నెలలలో మఱి 40 గ్రాముల పప్పు, ఒక చిన్న గ్లాసెడు పాలు చేర్చినచో 70 దాటును. అన్నము తగ్గి పప్పు పెరిగినదే గాని ఇందు వింతయైన పదార్థ మొక్కటియు లేదు.

తూకముతోపాటు జోడింపును గూర్చియు తెలిసికొనవలెను. మాంసకృత్తులు ఇరువది రకముల ఆమినో ఆమ్లములతో కట్టబడును. వానిలో తొమ్మిదింటిని మన శరీరము చేసికొనజాలదు, ఆహారమునుండియే రావలెను. ధాన్యములలో లైసీను అనునది తక్కువ. పప్పులలో అది సమృద్ధి. కాని మెథియొనీను అనునది తక్కువ, అది ధాన్యములలోను నువ్వులలోను చాలినంత కలదు. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు కుంటినచో రెండవది ఎంత బలిసినదైనను నాగలి సాగదు. ధాన్యము, పప్పు కలిసినప్పుడే జత కుదురును. రెండును ఒకే ముద్దలో నుండవలెనను నియమము లేదు. ఒకే దినములో నున్న చాలును. ధాన్యము 3 పాళ్లు, పప్పు 1 పాలు, పాలు 2½ పాళ్లు అను కొలత తార్నాకవారు సూచించినది. మన పెద్దలకు లైసీను పేరు తెలియదు. ఐనను బియ్యపుపిండిలో శనగపప్పు, నువ్వులు, పల్లీలు కలిపి కాల్చిన సర్వపిండియు, పప్పన్నమును, పెసరట్టును ఈ జోడింపునకు చక్కని ఉదాహరణములు.

జోడు తప్పినచో ఏమగునో మన దక్కను పీఠభూమియే చూచినది. జొన్నలు తప్ప వేఱెరుగని బీదవారిలో మెడ, చేతులు, పాదములు మొదలగు ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతి చెదరుట అను లక్షణములుగల పెల్లాగ్రా వ్యాధి కనబడుచుండెను. మొక్కజొన్న తినువారికి వచ్చు ఈ వ్యాధి జొన్న తినువారికేల వచ్చుచున్నదని విచారించి, డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంఠయ్య గారలు 1960లో ఒక వ్యాసము ప్రకటించిరి. జొన్న మాంసకృత్తులో లూసీను అనునది మితిమీరి యుండుట కారణమని వారి వాదము. ఆ వాదమును పిమ్మట కొందఱు సంపూర్ణముగ అంగీకరింపలేదు. ఆ చర్చ మనకనవసరము. ఒక్క గింజపైననే బ్రతుకుట ప్రమాదమని మాత్రము తేలినది. దీనిని విని జొన్నను విడువవలదు. రొట్టె ప్రక్కన పప్పును, గిన్నెలో పెరుగును ఉన్నంతవరకు జొన్న బియ్యముకంటె మేలైన ఆహారము.

మఱియొక సంగతి. కడుపు నిండని వానికి పప్పు పెట్టినను ఫలము సగమే. పొయ్యిలోనికి కట్టెలు లేనప్పుడు నాగలిని విరిచి మంటపెట్టినట్లు, శరీరమునకు చాలినంత అన్నము, నూనె అందనప్పుడు అది మాంసకృత్తునే కాల్చి వేడిని పుట్టించుకొనును. కండ కట్టుటకు మిగులదు. ఒకప్పుడు ప్రపంచమందలి వైద్యులు బిడ్డల కృశతకు మాంసకృత్తు కొఱతయే మూలమని నమ్మి చేపపొడి మొదలగు వింత పదార్థములకై వెదకిరి. గోపాలన్ గారు ఇచ్చటి పిల్లలను పరీక్షించి, వీరు తినునది ధాన్యము పప్పులే గాని తినునది చాలక చిక్కుచున్నారని చూపిరి. పాలు మాన్పించు వయసున బిడ్డకు పప్పుకట్టు, గంజి మాత్రమే పోయు తల్లులు ఇది గుర్తింపవలెను. నీటిలో బలము లేదు. మెదిపిన పప్పు, అన్నము, నేయి కలిపి పెట్టవలెను. ఆ సంస్థ కూర్చిన హైదరాబాదు మిశ్రమము అనునది ఇంటిలోనే చేసికొనదగినది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, వేయించిన పల్లీలు 10, బెల్లము 20. పొడిచేసి నిలువయుంచవచ్చును. ఈ 86 గ్రాములలో సుమారు 11 గ్రాముల మాంసకృత్తును 330 క్యాలరీల శక్తియు కలవు. నేను చూచినంతలో పిల్లలు దీనిని లడ్డుగా కట్టి యిచ్చినచో ఒకటి తిని రెండవది దొంగిలింతురు.

నీటి మాట వచ్చినది గనుక ఉలవచారును గూర్చి చెప్పక తప్పదు. మనము ఉలవలను ఉడికించి, కట్టును వంచి చారు కాచికొని, గింజలను ఎడ్లకు వేయుచున్నాము. చారు రుచికి సాటిలేదు, దానిని నిందింపను. కాని మాంసకృత్తులో అధికభాగము ఎద్దు కడుపులోనికి పోయినది. గింజలలో ఒక వంతైనను గుగ్గిళ్లుగా తిరగమోత పెట్టి ఇంటివారికి పెట్టుడు. పచ్చిపులుసులో పప్పే ఉండదు; చారులో చుట్టము వచ్చినకొలది నీరు పెరుగును. 30 గ్రాముల పప్పుతో గట్టిగా వండిన ఒక గిన్నె ముద్దపప్పు 6 గ్రాములకు పైగా ఇచ్చును. మొలకెత్తించినచో మాంసకృత్తు ఇనుమడించునని కొందఱనుచున్నారు, అది సరికాదు. గింజ నీరు పీల్చి బరువగునే గాని మాంసకృత్తు పెరుగదు. సులభముగ అరుగుట, సి విటమిను పుట్టుట దాని లాభములు.

ఇక చేనిలోనికి పోదము. 1951లో మన దేశమున మనిషి ఒక్కనికి దినమునకు సుమారు 60 గ్రాముల పప్పుధాన్యములు అందుచుండెను. 2005 నాటికి అది 32 గ్రాములకు లోపడెను. పిమ్మట కొంత కోలుకొన్నను పూర్వపు కొలతకు స్థిరముగ చేరలేదు. బావులు, కాలువలు వచ్చినచోట వరి విస్తరించినది. మెట్టలో ప్రత్తి విస్తరించినది. పూర్వము జొన్న సాళ్లనడుమ కంది, గట్లమీద బొబ్బర, అనుము తప్పక ఉండెడివి. నేడు గట్టు నున్నగా గీకబడి యున్నది. ప్రత్తి వేయవద్దని నేను చెప్పుటలేదు; అప్పు తీర్చునది అదియేనని నాకు తెలియును. ఆ ప్రత్తిలోనే నాలుగు లేక ఆరు సాళ్లకు ఒక కంది సాలు వేయుడనుచున్నాను.

కంది పండించువారి ఇండ్లలో సహితము పప్పు కఱవగుట నాకు మిగుల వింతగా తోచును. పుష్యమాసమున కందులు కల్లమునుండి నేరుగా మార్కెట్టునకు పోవును. జ్యేష్ఠమాసమున అదే ఇల్లాలు కిరాణాకొట్టులో కిలో కందిపప్పు అరువు తెచ్చుకొనును. పాలును అట్లే, తెల్లవారగనే క్యాను పాలకేంద్రమునకు పోవును, ఇంటిలో పిల్లలు నల్ల టీ త్రాగుదురు. అమ్మవద్దనుట నా ఉద్దేశము కాదు. అమ్ముటకు ముందు ఇంటి వంతును కొలిచి తీయవలెననుచున్నాను.

ఆ వంతు ఎంత? పిల్లలతో కలిపి ఆరుగురున్న ఇంటికి దినమునకు అరకిలో పప్పు అనుకొనుడు. ఏడాదికి 182 కిలోలు. నూరు కిలోల కందులకు 70 కిలోల పప్పు దిగునని లెక్కించినచో 260 కిలోల కందులు కావలెను. వర్షాధారపు చేనిలో ఎకరమునకు మూడు క్వింటాళ్లు పండినను, ఒక్క ఎకరము ఆ ఇంటికి సంవత్సరమంతయు సరిపోవును. అంతయు కందియే కానక్కరలేదు. తొలకరికి వేసిన పెసర భాద్రపదమునకు ఇంటికి వచ్చును, శనగ మాఘమునందు, గట్టుమీది బొబ్బర నడుమ నడుమ. ఎండుతెగులు భయముగల చేలకు ఆశ వంటి తట్టుకొను రకములు ఎన్నుకొనుడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దాని వెల చూచి అంతయు అమ్మినను, ఇంటికి వేఱొక పప్పునైన నిలుపుడు. మీ చేనిలో పనిచేయు జీతగాండ్రకును కూలీలకును మధ్యాహ్నపు సద్ది పెట్టువారు వారి వంతును కూడ ఈ లెక్కలో చేర్చవలెను. పచ్చిమిరపకాయ, గొడ్డుకారము నంజుకొని ఎండలో కలుపు తీయు మనిషి సాయంకాలమునకు ఎంత పని చేయగలడో యజమాని యోచించవలసినదే.

నిలువచేయుట కష్టమని ఇల్లాండ్రు చెప్పుదురు. వారి మాట నిజము. పుచ్చుపురుగు చేనిలో కాయమీదనే గ్రుడ్డు పెట్టి గింజతోపాటు గరిసెలోనికి వచ్చును. పంటితో కొఱికినచో టక్కున విఱుగునంతవరకు గింజను ఎండబెట్టుడు. విత్తనమునకు కావలసినది విడదీసి, తిండిగింజలో అధికభాగమును వెంటనే పప్పు చేయించుడు. పురుగు గ్రుడ్డుపెట్టునది పొట్టుతోనున్న గింజమీదనే గాని బద్దమీద అంతగా కాదు. కందులను నానబెట్టి ఎఱ్ఱమన్ను పట్టించి ఎండబెట్టి విసుఱుట మన పాత పద్ధతి. ఆ పప్పు రుచియు నిలువయు బాగుండును. గింజగా ఉంచవలసిన దానికి కిలోకు 5 మిల్లీలీటర్ల చొప్పున వంటనూనె పట్టించినచో పురుగు పట్టదు. పల్లీలను మాత్రము తడి తగులకుండ ఉంచుడు. బూజు పట్టినవి, ముడుచుకొని చేదెక్కినవి పారవేయుడు, పశువులకును పెట్టవలదు. ఆ బూజులోని విషము కాలేయమును చెఱచును. 1974లో రాజస్థానము, గుజరాతు సరిహద్దు పల్లెలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిరి. తార్నాక వైద్యులే పోయి కారణమును కనుగొనిరి.

పప్పు ఎక్కువైనచో వాతము చేయునని మీరడుగుదురు. అలవాటు లేని కడుపునకు అది కొంత నిజమే. రాత్రి నానబెట్టి ఆ నీరు పారబోసి, మెత్తగ ఉడికించి, ఇంగువ, అల్లము, వెల్లుల్లి వేసి, కొలతను వారము వారము కొంచెముగ పెంచినచో పదిహేను దినములలో సర్దుకొనును. పెసరతో మొదలుపెట్టుట మేలు. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడుగనిదే మాంసకృత్తును పెంచరాదు. సికింద్రాబాదు బజారులలో డబ్బాలలో అమ్ము బలపు పొడులను గూర్చియు అడుగుచున్నారు. రోగమునుండి లేచినవారికి వైద్యుడు వ్రాసినచో కొనుడు. తక్కినవారు ఆ డబ్బా వెలకు ఎన్ని కిలోల పప్పు, ఎన్ని లీటర్ల పాలు వచ్చునో అంగడిలోనే నిలిచి లెక్కచూచుకొనవచ్చును.

మృగశిర కార్తెకు ముందు విత్తనము తెచ్చుకొనునాడు, ఇంటికై ఉంచుకొను ఆ ఎకరములో ఏమి వేయవలెనో ఇల్లాలిని అడుగుడు. ఏ గింజ త్వరగ ఉడుకునో, ఏది పిల్లలు మారాము చేయక తిందురో, ఏది పురుగు పట్టక ఆషాఢమువరకు నిలుచునో ఆమెకు తెలిసినంతగా మాకు తెలియదు.